మన్రో దొర లెక్కకు రాని మగ్గం

రాయలసీమ పల్లెల్లో ఒకప్పుడు మగపిల్లలకు మన్రోలప్ప, మన్రోలయ్య అని పేర్లు పెట్టుకునేవారు. తిరుమలలో మన్రో గంగాళం అంటే ఇప్పటికీ తెలుసు. మాండవ ఋషే ఈ దొరగా పుట్టాడని చెప్పుకున్న ముసలివాళ్లూ ఉండేవారు. ఇంగ్లీషు అధికారుల్లో ఇంత గౌరవం ఈ సీమలో మరొకరికి దక్కలేదు. అయితే సర్ థామస్ మన్రో కథ చెప్పేవాళ్లు మూడు మాటల్లో ముగిస్తారు: పాలెగాళ్లను అణిచాడు, భూములు కొలిపించాడు, రైత్వారీ తెచ్చాడు. ఆ మూడూ నిజమే. మేము మాత్రం ఆయన జీవితాన్ని మరో దారిలో, సుంకం దారిలో, చెప్పదలిచాం.

అందుకు కారణం ఉంది. ఇవాళ హిందూపురంలో పట్టుగూళ్ల ధర, ధర్మవరంలో పట్టునూలు ధర, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ ఉనికి, మూడూ ఢిల్లీలో నిర్ణయమయ్యే దిగుమతి సుంకంతో ముడిపడ్డవే. దూరాన ఎక్కడో కూర్చుని వేసే సుంకం ఈ మెట్టసీమ మగ్గాన్ని తాకడం మన్రో కాలానికే మొదలైంది. అప్పుడు ఆ దూరపు ఊరు లండన్. దెబ్బ తగిలిన మగ్గాల్లో వాడలోని మాలల మగ్గం కూడా ఉంది. మన్రో గురించి ఇన్ని పుస్తకాలు వచ్చాయి, ఆ మగ్గం మాట ఎత్తినవి అరుదు.

మన్రో 1761లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో వర్జీనియాతో వ్యాపారం చేసిన వర్తకుడు. గ్లాస్గో సంపద ఆ రోజుల్లో పొగాకు మీద నిలబడి ఉండేది. ఆ పొగాకును పండించింది వర్జీనియా తోటల్లోని నల్లజాతి బానిసలు. థామస్ కూడా పదహారేళ్లు దాటగానే వెస్టిండీస్ వ్యాపారం చేసే ఒక కంపెనీలో గుమాస్తాగా చేరాడు. అక్కడ సరుకు చక్కెర, శ్రమ మళ్లీ బానిసలదే. ఇంతలో అమెరికా వలసలు బ్రిటన్ మీద తిరగబడ్డాయి. ఆ తిరుగుబాటుకు దారితీసిన గొడవల్లో టీ మీద సుంకం ఒకటని బడిపిల్లలకూ తెలుసు. యుద్ధం రావడంతో వర్జీనియా వ్యాపారం ఆగింది, తండ్రి దివాళా తీశాడు. కొడుకు బతుకుదెరువు వెతుక్కుంటూ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. ఒక సామ్రాజ్యపు సుంకాల తగవు గ్లాస్గోలో ఒక ఇంటిని కూల్చి, ఆ ఇంటి కుర్రవాణ్ణి మన సీమకు తోసిందన్నమాట.

మొదటి పన్నెండేళ్లు సిపాయి బతుకు. హైదర్ అలీ మీద, తర్వాత టిప్పు సుల్తాన్ మీద జరిగిన యుద్ధాల్లో ఉన్నాడు. పారశీకం, హిందుస్తానీ నేర్చుకున్నాడు. 1792లో టిప్పు ఓడి వదులుకున్న ప్రాంతాల్లో బారామహల్ ఒకటి, ఇప్పటి కృష్ణగిరి, ధర్మపురి వైపు సీమ. అక్కడ కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద మన్రో రెవెన్యూ పని నేర్చాడు. ప్రతి రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే పద్ధతి అక్కడే పుట్టింది.

బారామహల్‌లో ఆయన ఇంకొకటి కూడా చూశాడు. కంపెనీ మనుషులు ముఖ్యమైన నేతగాళ్లను ఒకచోట పోగుచేసి, కంపెనీకి తప్ప ఇంకెవరికీ బట్ట ఇవ్వమని రాసిచ్చేదాకా కాపలా పెట్టేవారు. ఒకసారి అడ్వాన్సు ముట్టిన నేతగాడు ఆ బాకీలోంచి బయటపడటం కల్ల. బట్ట ఆలస్యమైతే ఒక బంట్రోతును తెచ్చి ఇంటి ముందు కూర్చోబెట్టేవారు. ఆ బంట్రోతు బత్తెం కూడా నేతగాడే ఇచ్చుకోవాలి. ఈ సంగతుల్ని తర్వాత ఇంగ్లండ్ పార్లమెంటు సభ్యుల ముందు మన్రోనే చెప్పాడు. దాచలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇక్కడ కంపెనీ వ్యాపారం నడిచిన తీరు ఒక్కసారి చూడాలి. కంపెనీ ఒక చేత్తో శిస్తు వసూలు చేసేది. ఆ వసూలులో ఒక భాగాన్ని పెట్టుబడి అని పేరుపెట్టి, దానితోనే ఇక్కడి బట్ట కొని ఓడలకెక్కించేది. అంటే మన బట్టకు ధరగా వచ్చిన డబ్బు మన దగ్గర వసూలైన పన్నే. ఆ పన్నులో మొహతర్ఫా కూడా ఉంది. వృత్తుల మీద, అంగళ్ల మీద, మగ్గాల మీద వేసే పన్ను అది. నేతగాడు మగ్గానికి కట్టిన పన్ను తిరిగి అడ్వాన్సు రూపంలో అతని గుమ్మంలోకొచ్చి, అతన్నే బాకీదారుణ్ణి చేసేది.

1799లో శ్రీరంగపట్నం పడిపోయింది. టిప్పు రాజ్యంలో నిజాముకు పంచి ఇచ్చిన భాగాన్ని నిజాం 1800 అక్టోబరులో కంపెనీకే వదిలేశాడు, తన దగ్గర పెట్టుకున్న ఇంగ్లీషు సైన్యపు ఖర్చు కింద. అవే దత్త మండలాలు: ఇప్పటి బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత. విజయనగరం పడ్డాక రాజధాని అయిన పెనుకొండ, దాని చుట్టూ ఉన్న ధర్మవరం, హిందూపురం సీమలు అందులోనివే. కన్నడ తీరంలో ఏడాదిగా పనిచేస్తున్న మన్రోను ఈ మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా పంపారు. నలుగురు సహాయకులను నాలుగు దిక్కులా పెట్టి, తాను అనంతపురం దగ్గర ఉండి పని మొదలుపెట్టాడు.

ఏడేళ్లు గుడారంలోనే గడిపాడని చెప్పినా తప్పులేదు. పాలెగాళ్లు ఎనభై మంది దాకా ఉండేవారు. కొందరిని సైన్యంతో అణిచాడు, కొందరిని పింఛనుతో కూర్చోబెట్టాడు, కొందరిని సీమ దాటించాడు. 1802 నుంచి ఊరూరా భూమి కొలిపించి, రకం కట్టించి, శిస్తు నిర్ణయించాడు. ఆయన వచ్చిన ఏడాదికీ వెళ్లిన ఏడాదికీ మధ్య వసూలు దాదాపు సగం మేర పెరిగింది. ఈ శిస్తు మోయలేనిదని ఆయనకూ తెలుసు. 1807లో వెళ్లిపోయే ముందు మెట్టకూ మాగాణికీ నాలుగో వంతు, బావి కింద తోటలకు మూడో వంతు తగ్గించమని రాశాడు. పైవాళ్లు వినలేదు. ఆ తగ్గింపు తాను గవర్నరయ్యాకే అమలుకొచ్చింది.

రైతు పేరు మీద పట్టా వచ్చింది. సరే, రైతు ఎవరు? ఏరు పట్టి, శిస్తు పూచీ పడి, కరణం లెక్కలో పేరెక్కినవాడు. ఆ లెక్కలో వాడ చాలావరకు వేరే గడిలో ఉంది: వెట్టివాళ్లు, తలార్లు, జీతగాళ్లు, కూలీలు. కొందరికి ఊరి పనికి బదులుగా చిన్న చిన్న ఇనాం చెక్కలుండేవి. మిగిలినవారికి పొలంలో కూలి, ఇంట్లో మగ్గం. మాదిగలకు తోలుపని.

మాలలకు మగ్గం ఏమిటని ఈ తరం విద్యార్థులు అడుగుతారు, అడగాలి కూడా. పద్మశాలి, తొగట, దేవాంగ లాంటి నేత కులాల పేర్లే మనకు వినపడతాయి. తెలుగు సీమలో ముతక తెల్లబట్ట నేయడం మాలల పాత వృత్తుల్లో ఒకటి. 20వ శతాబ్దం మొదట్లో అచ్చయిన జిల్లా గెజెటీర్లు, జనాభా లెక్కల నివేదికలు ఈ సంగతిని మామూలు విషయంగా నమోదు చేశాయి. ఊళ్లో రైతు కట్టుకున్న పంచె, కప్పుకున్న దుప్పటి, కూలి ఆడమనిషి కట్టుకున్న ముతక చీర ఆ మగ్గం మీదివే. పట్టూ కాదు, సన్న నూలూ కాదు, ఓడలకెక్కే సరుకూ కాదు. కంపెనీ కొనని బట్ట కాబట్టి కంపెనీ దస్తరాల్లో దాని పేరు తక్కువ. మైల కులం నేసిన బట్టను మాత్రం ఊరంతా కట్టుకునేది. అంటరానితనం లెక్కలు ఎప్పుడూ అవసరాన్ని బట్టే నడిచాయి.

1807 చివర్లో మన్రో ఇంగ్లండ్ వెళ్లాడు. అక్కడ ఆయనకు ఒక ముఖ్యమైన పని తగిలింది. కంపెనీకి ఇండియా వ్యాపారం మీద ఉన్న గుత్తహక్కు గడువు 1813తో ముగుస్తోంది. మాంచెస్టర్, గ్లాస్గో, లివర్‌పూల్ వర్తకులు ఆ తలుపు తెరవమని గట్టిగా అడుగుతున్నారు. యూరప్ మార్కెట్లను నెపోలియన్ మూసేశాడు, మరమగ్గాల సరుకు గోదాముల్లో పేరుకుంది. ఇండియాలో కోట్ల మంది ఉన్నారు, తలా ఒక ముక్క కొన్నా చాలునని వాళ్ల ఆశ. ఆ ఆశ నిజమవుతుందా అని తేల్చుకోవడానికి పార్లమెంటు సాక్షుల్ని పిలిచింది. వారన్ హేస్టింగ్స్, జాన్ మాల్కం వచ్చారు. మన్రో కూడా వచ్చాడు.

ఆయన జీవితంలో మాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించే ఘట్టం ఇదే. అక్కడ మన సీమ కూలివాడు అంకెగా మారి బ్రిటిష్ పార్లమెంటులోకి నడిచాడు. ఇండియాలో వ్యవసాయ కూలీకి నెలకు 4 నుంచి 6 షిల్లింగులు వస్తుందని మన్రో చెప్పాడు. ఒక మనిషి బతకడానికి ఏడాదికి 18 నుంచి 27 షిల్లింగులు ఖర్చవుతుందన్నాడు. రూపాయికి రెండు షిల్లింగులు వేసుకుంటే కూలి నెలకు రెండు మూడు రూపాయలు, తలసరి ఖర్చు ఏడాదికి 9 నుంచి 13న్నర రూపాయలు. ఈ అంకెల్ని కూలి ఇంటి లెక్కగా మార్చి చూడండి. ఐదుగురున్న ఇంటికి ఎంత తక్కువలో వేసుకున్నా ఏడాదికి 45 రూపాయలు కావాలి. ఒక మగమనిషి ఏడాది పొడుగునా పని దొరికినా తెచ్చేది 24 నుంచి 36. కరువుసీమలో ఏడాది పొడుగునా పని ఎవరికి దొరికింది? తక్కువపడ్డది ఆడవాళ్ల కూలి, పిల్లల పశువుల కాపలా, రాట్నం మీద వడికిన నూలు, ఇంటి మగ్గం పూడ్చాలి. అంటే ఆ మగ్గం పోతే ఇంటి లెక్క ఎక్కడ తెగుతుందో మన్రో ఇచ్చిన అంకెల్లోనే ఉంది. పార్లమెంటు సభ్యులు అడిగింది మాత్రం అది కాదు. ఇంత పేదవాడు మా బట్ట కొంటాడా అన్నదే వాళ్ల ప్రశ్న.

కొనడు అన్నాడు మన్రో. మతం అడ్డమొచ్చి కాదు, ఆచారం వల్ల మాత్రమే కాదు. వాళ్ల అవసరాలు తక్కువ, వాళ్ల సరుకు చవక, పైగా మన్నిక ఎక్కువ. ముతక ఉన్ని కంబళి వాళ్లే నేసుకుంటారు, మీ ఉన్నిబట్టకు అక్కడ చోటు లేదు. మంచి పనివాళ్లు, మీ సరుకు చూసి అలాంటిదే చేయగలరు కూడా. తాను ఏడేళ్లు వాడిన ఇక్కడి శాలువా కొత్తదానికి ఏమీ తీసిపోలేదని, ఇంగ్లండ్ శాలువా ఊరికే ఇచ్చినా కప్పుకోనని చెప్పాడు. సేద్యంలో, చేతిపనిలో, ఊరి బళ్లలో, మర్యాదలో ఈ జనం యూరప్‌కు తీసిపోరని గట్టిగా వాదించాడు. జాతీయోద్యమ కాలంలో రమేశ్ చంద్ర దత్ మొదలుకొని ఎందరో ఈ సాక్ష్యాన్ని ఎత్తి చూపారు.

అది మంచి సాక్ష్యమే. ఎవరికి పనికొచ్చే సాక్ష్యం అన్నది కూడా చూడాలి. ఇండియాలో ఇంగ్లీషు సరుకు అమ్ముడుపోదు అంటే వ్యాపారం తెరవాల్సిన పనిలేదు, గుత్తహక్కు కంపెనీకే ఉండనివ్వొచ్చు. కంపెనీకి కావలసిన మాట అదే. మన్రో నమ్మనిది చెప్పాడని మేము అనడం లేదు. ఆయన నమ్మకమూ యజమాని లాభమూ ఆ రోజు ఒకే గొంతులో పలికాయి. ఆ ఊరి బళ్లలో వాడ పిల్లలకు చోటుందా అని అడిగినవాళ్లు ఆ గదిలో లేరు.

ఆయన లెక్క తప్పింది. 1813 చార్టర్ చట్టం ఇండియా వ్యాపారాన్ని అందరికీ తెరిచింది. టీ, చైనా వ్యాపారం మాత్రమే కంపెనీకి మిగిలాయి. అప్పటికే ఇండియా నుంచి ఇంగ్లండ్ చేరే కాలికో బట్ట మీద 70, 80 శాతం దాకా సుంకం ఉంది. ఇక్కడికొచ్చే ఇంగ్లండ్ బట్ట మీద బెంగాల్ రేవులో రెండున్నర శాతం. పైగా ఇక్కడి బట్ట ఇక్కడే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలన్నా దారిలో చౌకీల దగ్గర సుంకాలు కట్టుకుంటూ పోవాలి. మద్రాసు రాష్ట్రంలో ఈ దారి సుంకాలు 1844 దాకా పోలేదు. ఫలితం అంకెల్లో కనపడుతుంది. 1814లో ఇండియాకు వచ్చిన బ్రిటిష్ నూలుబట్ట సుమారు 8 లక్షల గజాలు, 1835లో 5 కోట్ల 17 లక్షల గజాలు. అదే కాలంలో బ్రిటన్‌కు పోయిన మన బట్ట 12 లక్షల 66 వేల తానుల నుంచి 3 లక్షల 6 వేల తానులకు పడిపోయింది.

పేదవాడు కొనలేడని మన్రో అనుకున్నాడు. మరమగ్గం ధర ఎంత కిందికి దిగగలదో ఆయన ఊహించలేదు. పేదరికం ఇంగ్లండ్ సరుకును ఆపే గోడ అనుకున్నాడు. చవక బట్ట వచ్చాక ఆ పేదరికమే తలుపు తెరిచింది.

1814లో జేన్ క్యాంప్‌బెల్‌ను పెళ్లి చేసుకుని మళ్లీ మద్రాసు వచ్చాడు. న్యాయవ్యవస్థ మీద కమిషన్, తర్వాత మరాఠా యుద్ధం, చివరికి 1820లో మద్రాసు గవర్నరు పదవి. ఈ ఏళ్ల గురించి చరిత్ర పుస్తకాల్లో చాలినంత ఉంది. మేము 1822 దగ్గర ఆగుతాం. ఆ ఏడాది మన్రో ప్రతి జిల్లాలో ఎన్ని బళ్లున్నాయో, ఏ కులం పిల్లలు ఎందరు చదువుతున్నారో లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ జవాబు 1823 ఆగస్టులో వచ్చింది. అనంతపురం జిల్లా అప్పటికి పుట్టలేదు, అది 1882లో బళ్లారి నుంచి విడిపోయింది. కాబట్టి పెనుకొండ, ధర్మవరం, హిందూపురం పల్లెలు ఆ జవాబులో ఉన్నాయి.

533 బళ్లు, 6,641 మంది పిల్లలు అని క్యాంప్‌బెల్ లెక్క ఇచ్చాడు. అంతటితో ఆగితే అది మామూలు నివేదిక అయ్యేది. బళ్లు ఎందుకు పడిపోతున్నాయో కూడా రాశాడు. జనం క్రమంగా పేదలవుతున్నారు. మన యూరప్ బట్ట వచ్చి ఇక్కడి నూలుబట్ట చోటు ఆక్రమించింది, చేతివృత్తుల వాళ్ల ఆదాయం ఇటీవలి ఏళ్లలో బాగా పడిపోయింది. పిల్లలకు కొంచెం పని చేసే వయసు రాగానే బడి మాన్పించి పనికి పెడుతున్నారు. ఇదీ దాని సారం.

ఏ సీమ అనుభవం మీద నిలబడి 1813లో మన్రో ఇంగ్లండ్ బట్ట అమ్ముడుపోదని చెప్పాడో, పదేళ్లకు ఆ సీమ నుంచే, ఆయన బల్ల మీదికే, అమ్ముడుపోతోందని కాగితం వచ్చింది. ఆ కాగితం అడిగింది కూడా ఆయనే.

ఆయన ఏం చేశాడు? 1826 మార్చిలో చదువుల మీద రాసిన మినిట్‌లో జనం పేదరికాన్ని కారణాల్లో ఒకటిగా ఒప్పుకున్నాడు. కలెక్టరేటుకు రెండు పెద్ద బళ్లు, తహసీలుకు ఒక బడి పెట్టాలన్నాడు. సుంకాల విషయంలో ఆయన మనసు ఒక ఉత్తరంలో బయటపడింది. బ్రిటన్ కొత్తగా సవరించిన సుంకాల్లో అందరికన్నా అన్యాయం జరిగింది ఇండియాకేనని, ఇంగ్లండ్ సరుకు ఇక్కడ ఎంత కడుతుందో మన సరుకు అక్కడ అంతే కట్టాలని రాశాడు. సమాన సుంకం అన్న ఆ మాట నేటి వాణిజ్య ఒప్పందాల భాషకు ఎంతో దూరం కాదు. బ్రిటన్ సుంకాలు మార్చడం మద్రాసు గవర్నరు చేతిలో లేదు, అది నిజం. మగ్గం పన్ను మాత్రం ఆయన ప్రభుత్వం చేతిలోనే ఉంది. మొహతర్ఫా ఆయన పాలన పొడుగునా కొనసాగింది, ఆయన పోయాక కూడా మూడు దశాబ్దాలు దాటి బతికింది. శిస్తు తగ్గించమని పోరాడి సాధించిన మనిషి మగ్గం పన్ను దగ్గర అదే పట్టుదల చూపలేదు. రైతు ఆయనకు ఎదురుగా గుడారం ముందు కూర్చున్నాడు, అర్జీ పెట్టుకున్నాడు. వాడ మనిషి ఆ గుడారం మోసి, ముందు ఊరికి నడిచాడు.

1827లో ఇంటికి పోయే ముందు దత్త మండలాలను చివరిసారి చూసి రావాలనుకున్నాడు. దారిలో దండులో కలరా సోకింది. జులై 6న పత్తికొండలో చనిపోయాడు. గుత్తిలో పాతిపెట్టారు, తర్వాత అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. జనం చందాలు వేసుకుని మద్రాసులో గుర్రం మీద విగ్రహం నిలబెట్టారు. జీనూ రికాబులూ లేకుండా ఆ శిల్పి చెక్కిన గుర్రం గురించి ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు.

మనిషి పోయాడు, సుంకం కథ ఆగలేదు. ఇకమీద జరిగినదంతా త్వరగా చెప్తాం. ముందు రాట్నం పోయింది. మిల్లు నూలు చవకగా దొరకడంతో వడికే ఆడవాళ్ల పని ఆగింది. అదే నూలు కొని నేసుకున్న నేత కులాలు కొన్ని నిలదొక్కుకున్నాయి. ముతక బట్ట మగ్గం కూడా, దాని చవకదనం వల్ల, సన్నబట్ట కన్నా ఎక్కువ కాలం బతికింది. 1876-78 కరువు బళ్లారి సీమను ఊడ్చేసినప్పుడు బట్ట కొనేవాడే లేకుండా పోయాడు. మాంచెస్టర్ ఒత్తిడితో 1879లో ముతక నూలుబట్ట మీద దిగుమతి సుంకం తీశారు, 1882లో దాదాపు అన్ని సరుకుల మీదా తీసేశారు. 1890ల మొదట్లో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకు రైలు పడింది. సుంకం లేని బట్ట, దాన్ని సంత దాకా మోసుకొచ్చే రైలు, రెండూ పదేళ్ల తేడాలో వచ్చాయి. వాడ మగ్గం ఎత్తి అటక మీద పెట్టిన కాలం ఇదే. నేత పోయినవాడు కూలీ అయ్యాడు. జనాభా లెక్కల్లో వృత్తి గడి మారింది, కులం గడి మారలేదు.

1894లో ఖజానా ఖాళీ అయి బట్ట మీద 5 శాతం సుంకం మళ్లీ వేశారు. మాంచెస్టర్ ఊరుకోలేదు. దాన్ని తృప్తిపరచడానికి ఇక్కడి మిల్లు సరుకు మీద కూడా ఎక్సైజు వేశారు. 1896లో రెండిటినీ మూడున్నర శాతం చేశారు. ఆ ఎక్సైజు పోవడానికి 1925 దాకా పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతే సుంకాల విషయంలో ఇండియా ప్రభుత్వానికి కొంత స్వేచ్ఛ వచ్చింది, 1923లో టారిఫ్ బోర్డు ఏర్పడింది. మాదిగల వృత్తికి సంబంధించిన ముచ్చట కూడా ఒకటుంది. 1919లో పచ్చితోళ్ల ఎగుమతి మీద 15 శాతం సుంకం వేశారు, ఇక్కడే ఊనే పరిశ్రమ పెరగాలని. సామ్రాజ్యంలోని దేశాలకు పంపితే అందులో పెద్ద భాగం వాపసు. తోలు ఒలిచి ఊనే విద్య ఎవరిదో ఆ చర్చలో వినపడలేదు. చర్చ ఎగుమతిదారులకూ ట్యానరీ యజమానులకూ మధ్య జరిగింది.

పట్టుకు రక్షణ 1934లో వచ్చింది. చైనా, జపాన్ పట్టు చవకగా దిగి మైసూరు పట్టు రైతును ముంచుతోందని గోల పుట్టాక సుంకం పెంచారు. మైసూరు సీమలో పట్టుపురుగుల పెంపకానికి ఊపు తెచ్చింది టిప్పు సుల్తాన్. మన్రో కత్తి పట్టి ఎదిరించిన టిప్పుయే. మైసూరుకు ఆనుకుని ఉన్న హిందూపురం ఆ పంటకు మన వైపు పెద్ద మార్కెట్ అయింది. ధర్మవరం ఆ నూలుతో పట్టుచీరల ఊరయింది.

స్వాతంత్ర్యం తర్వాత నాలుగు దశాబ్దాలు ఎత్తైన గోడలు. 1991 నాటికి సుంకం గరిష్ఠంగా 150 శాతం. ఆపై ఏడాదికేడాది దిగుతూ వచ్చింది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ, 2001 ఏప్రిల్‌లో దిగుమతి పరిమాణాల మీద ఆంక్షల ఎత్తివేత. ఆ తర్వాత ముడి పట్టు మీద సుంకం ఊగిన తీరు చూస్తే ఈ విధానాలు ఎవరి ఒత్తిడికి ఎటు వాలతాయో అర్థమవుతుంది. 2011 బడ్జెట్‌లో 30 శాతం నుంచి 5 శాతానికి దించారు. హిందూపురంలో గూళ్లు తెచ్చిన రైతు లబోదిబోమన్నాడు, ధర్మవరంలో నూలు కొనేవాడు ఊపిరి పీల్చుకున్నాడు. 2013లో 15 శాతానికి పెంచారు. మధ్యలో 10 శాతానికి వచ్చింది, 2021లో మళ్లీ 15. రెండు ఊళ్ల మధ్య వంద కిలోమీటర్ల దూరం కూడా లేదు, ఒకే జిల్లా. ఒకరికి మేలైన సుంకం ఇంకొకరికి కీడు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్లు తయారవడం మొదలైందంటే దాని వెనకా సుంకమే ఉంది. పూర్తిగా తయారైన కారును బయటి నుంచి తెస్తే కట్టాల్సింది భారీగా ఉంటుంది కాబట్టి విదేశీ కంపెనీలు ఇక్కడే ఫ్యాక్టరీ పెట్టుకుంటాయి. గోడ పట్టు విషయంలో పైకీ కిందికీ ఊగింది, కారు విషయంలో గట్టిగా నిలబడింది.

పట్టు రైతుకూ నేత యజమానికీ మధ్య ఈ లాగులాటలో గొంతు వినిపించని మనుషులు చాలామంది ఉన్నారు. మల్బరీ తోటలో ఆకు కోసే కూలి ఆడమనిషి, పురుగులకు ఆకు వేసి చంద్రికలు మోసే జీతగాడు, రీలింగ్ యూనిట్లో వేడినీళ్లలో చేతులు పెట్టి గూడు నుంచి పోగు తీసే పనిమనిషి, సొంత మగ్గం లేక షెడ్డులో చీరకు ఇంత అని కూలికి నేసేవాడు. ఈ పనుల్లో భూమి లేని దళిత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సుంకం దిగినా ఎక్కినా వాళ్ల కూలి రేటు ఆ రోజే మారదు. పని దినాలు మాత్రం వెంటనే మారతాయి.

చైనా ముడి పట్టు మీద యాంటీ డంపింగ్ సుంకం వేయాలా వద్దా అన్న విచారణలు ఈ పాతికేళ్లలో ఒకటికి రెండుసార్లు జరిగాయి. వాటిని నడిపే నిబంధనలు 1995లో రాసినవి. విచారణలో ఎవరి మాట వినాలో వాటిలో ఉంది: విదేశీ ఉత్పత్తిదారు, ఎగుమతిదారు, దిగుమతిదారు, వాళ్ల సంఘాలు, ఎగుమతి చేసే దేశపు ప్రభుత్వం, ఇక్కడ అదే సరుకు తయారుచేసే యజమాని. ఆ సరుకు వాడే పరిశ్రమలూ వినియోగదారుల సంఘాలూ సమాచారం ఇవ్వవచ్చు. కూలీ అన్న మాట ఆ జాబితాలో లేదు.